ఉగ్గు పిండి కవరు

మా పాప హాసినికి పెట్టే ఉగ్గు పిండి ఆ ఒక్క నెలే మార్చాను.

మా ఆయన విష్ణుతేజ ప్రొద్దుటూరులో బీఈడీ చదువుతున్నారు. పొద్దున పూట ఒక చిన్న గుళ్ళో పూజ చేసి, అటునుంచి అటే కాలేజీకి పోతారు. జమ్మలమడుగులో మామగారిదీ ఇదే వృత్తి. నాకు ఇంటర్ మొదటి సంవత్సరం మధ్యలో పెళ్ళయింది, చదువు అక్కడితో ఆగింది. ఆయనదైనా పూర్తి కావాలని, కోర్సు అయిందాకా సరుకుల సంగతి నాకు వదిలేయమన్నాను. ఆయన వదిలేశారు. అప్పటి నుంచి సూపర్ మార్కెట్ మెట్లెక్కితే చాలు, నాకు గుండె దడ.

అక్కడ ప్రతి సరుకూ రెండు రకాలు. టీవీలో కనిపించే కంపెనీలది ఒకటి, వాళ్ళ సొంత పేరు అచ్చేసుకుని కవర్లలో పోసి అమ్మేది ఇంకొకటి. రెండోది చవక. ఉప్పు, చింతపండు, కందిపప్పు రెండో రకమే తెచ్చేదాన్ని. పప్పు ఎటూ చేటలో పోసి ఏరుతాం, కడుగుతాం, ఏముందో కంటికి కనిపిస్తుంది. నూనె దగ్గర మాత్రం ధైర్యం చాలేది కాదు. టీపొడి రెండు రకాలూ కలిపేదాన్ని. ఆయన కనిపెట్టలేదు, కనిపెట్టినా పైకి అనలేదు. పాప ఉగ్గు మాత్రం ఎప్పుడూ కంపెనీ డబ్బాదే. దాని మీద బొద్దుగా ఒక పిల్లవాడి బొమ్మ ఉంటుంది. వాణ్ణి చూస్తే, ఇది తిన్న బిడ్డకు ఏమీ కాదని నాకొక నమ్మకం.

ఆ నెల ఆయన పరీక్ష ఫీజు కట్టాల్సి వచ్చింది. నేను ఆ డబ్బా ముందర నిలబడి, తీసుకున్నాను, పెట్టేశాను, మళ్ళీ తీసుకున్నాను. పక్కనే వాళ్ళ సొంత కవర్లలో ఉగ్గు పిండి. ఒకామె చంకలో బిడ్డతో వచ్చి, చూడను కూడా చూడకుండా ఆ కవర్లు రెండు బుట్టలో వేసుకుపోయింది. నేను ఆ బిడ్డ బుగ్గలు చూశాను. ఆమె బిడ్డ తింటున్నది నా బిడ్డ తినకూడదా అనుకున్నాను. కవరు వెనక్కి తిప్పితే, అందులో ఏమేం కలిపారో రాసిన చోట రేటు స్టిక్కరు అంటించి ఉంది. దాన్ని పీకి చూడబుద్ధయింది గానీ, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని ఊరుకున్నాను.

మా అత్తగారు ఆండాళమ్మ మడి మనిషి. బజారు కవరు ఏదీ ఆమె వంటింటి గడప దాటదు. ఎవరెవరి చేతులో తగిలినవి పొయ్యి దగ్గరికి రాకూడదని, సరుకంతా బయటే స్టీలు డబ్బాల్లోకి ఒంపి, కవర్లు అక్కడికక్కడే పారేయిస్తారు. ప్రొద్దుటూరులో మాది ఒకటే గది. ఒక మూల పొయ్యి, ఇంకో మూల పరుపు. దాటడానికి గడపే లేదు. అయినా ఆమె చెప్పకుండా బస్సెక్కి వచ్చేస్తారు కాబట్టి నేనూ ఆ అలవాటు తప్పలేదు. ఆ రోజు కూడా, డబ్బా అడుగున మిగిలిన కంపెనీ పిండి మీదే కొత్త పిండి ఒంపి, రెండూ కలిసిపోయేలా కుదిపి, కవరు చెత్త బండిలో వేశాను.

మరుసటి రోజు పొద్దున ఉగ్గు కాచి తినిపించాను. పాప మామూలుగానే తిన్నది. మూతి తుడుస్తుంటే పై పెదవి మీద చిన్న దద్దురు కనిపించింది. దోమ కుట్టిందనుకున్నాను. గిన్నె కడిగి వచ్చేసరికి పెదవి లావెక్కింది. చెవుల వెనక, మెడ మీద ఎర్రగా దద్దుర్లు లేస్తున్నాయి. తిన్నదంతా కక్కింది. తర్వాత ఏడవడం మొదలుపెట్టింది గానీ, అది రోజూ నేను వినే ఏడుపు కాదు. గొంతులో ఏదో అడ్డం పడినట్టు సన్నగా, కీచుగా వస్తోంది. ఆయనకు ఫోను చేస్తే మోగుతూనే ఉంది. పూజలో ఉంటే ఫోను సంచీలోనే ఉంటుంది. పాపను ఎత్తుకుని చెప్పుల్లేకుండా వీధిలోకి పరుగెత్తాను.

ఎదురింటి హజరాబీ వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. పాప ముఖం చూసి, చేతిలోని తడిబట్ట అక్కడే పడేసి, లోపల టీ తాగుతున్న భర్త అన్సర్‌ను కేకేసింది. అతను ఆటో తోలుతాడు.

"గ్లాసు ఆడ పెట్టి ఆటో తియ్యి. బిడ్డకు ఊపిరి ఆడలే."

ఆమె నోటి నుంచి వినేదాకా ఊపిరి అన్న మాట నేను మనసులో కూడా అనుకోలేదు. ఆటోలో పాప పొట్ట మీద చెయ్యి పెట్టి, అది లేస్తోందా పడుతోందా అని చూస్తూ కూర్చున్నాను. గుంతలో పడి ఆటో ఎగిరినప్పుడల్లా ఆ కదలిక బండిదో బిడ్డదో తెలిసేది కాదు. హజరాబీ నా పక్కన కూర్చుని పాప పాదాలు రుద్దుతూ, వాళ్ళ దేవుణ్ణి తలుచుకుంటూనే ఉంది. నాకు ఏ దేవుడి పేరూ నోటికి రాలేదు. నాలుగు తరాలుగా పూజలు చేసే ఇంటి కోడల్ని.

ఆసుపత్రిలో పాప తొడకు సూది వేసి, ముఖానికి గాలి గొట్టం పెట్టారు. పిల్లల డాక్టరమ్మ ఒక చేత్తో పాప ఛాతీ మీద గొట్టం ఆనించి వింటూనే, ఏం పెట్టావని నన్ను అడిగింది. ఉగ్గు అన్నాను. ఏ ఉగ్గు అంది. నేను చెప్పలేకపోయాను. దాచాలని కాదు, డబ్బాలో రెండూ కలిసిపోయి ఉన్నాయి.

"కవరు తెప్పించమ్మా. అందులో ఏముందో తెలిస్తే ఏది మాన్పించాలో చెప్తా."

కవరు లేదన్నాను. చెత్త బండిలో వేశానన్నాను. ఆమె నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ పాప వైపు తిరిగింది. తిట్టి ఉంటే బాగుండేది.

పూజ అయ్యాక ఫోను చూసుకుని మా ఆయన పరుగెత్తుకొచ్చారు. మధ్యాహ్నానికి వాపు తగ్గింది. మళ్ళీ రావచ్చని ఆ రోజంతా అక్కడే ఉంచుకున్నారు. పాప నిద్రపోతే భయం, కదిలితే భయం. దగ్గితే లేచి నిలబడేదాన్ని. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది. ఇట్లాంటి పిండ్లలో తరచూ కలిసేవి, పిల్లలకు తరచూ పడనివి శనక్కాయలే, చూడబోతే ఈ బిడ్డకూ అవే పడనట్టుంది, రక్తం కడపకు పంపాం, ఫలితం వచ్చేదాకా ఇంట్లో శనక్కాయల ఊసే వద్దు, కొన్న పిండ్లు ఏవీ వద్దు. ఏది పెట్టినా ఒక్కొక్క దినుసే, అదీ కొంచెం పెట్టి చూడాలి. ఈసారి వస్తే ఇంతకంటే గట్టిగా రావచ్చు. మిగతావన్నీ ఆయన విన్నారు. నాకు ఆ చివరి మాట ఒక్కటే వినపడింది.

మా వైపు శనక్కాయలు లేని ఇల్లు యాడుంది? చట్నీలో అవే, పొడిలో అవే, ఉప్మాలో, పులిహోరలో, గుళ్ళో పంచే ప్రసాదంలో అవే. ఇంటికి రాగానే పొడి సీసా బయట పెట్టేశాను. మిక్సీ జారు తోమాను, మళ్ళీ తోమాను. రోజూ ప్రసాదం పంచే ఆయన చేతులు చూస్తే కూడా నాకు గుబులు పుట్టింది.

 ఆయన పాపను ఒళ్ళో వేసుకుని కూర్చుని మెల్లగా అన్నారు.

"ఇంక పాపకు చవకది వద్దు వేదా. కంపెనీదే తెద్దాం. నేను సాయంత్రాలు ట్యూషన్లు చెప్తా."

తప్పు ఎక్కడుందో ఆయనా నాలాగే అనుకున్నారని తెలిసింది. నేను ఆయనతో చేతులు సబ్బుతో కడిగించి, పాపను ఆయనకు అప్పగించి సూపర్ మార్కెట్‌కు పోయాను. కొనడానికి కాదు, చదవడానికి.

సొంత కవరు వెనక స్టిక్కరును గోటితో లేపుతుంటే అక్కడ సరుకులు సర్దే అమ్మాయి వచ్చి నిలబడింది.

"ఏందక్కా, రేటు పీకుతాండావు? బిల్లు కాడ తెలిసిపోతాది."

నా బిడ్డ సంగతి చెప్పాను. ఆ అమ్మాయి కవరు తీసుకుని, చిరగకుండా తనే స్టిక్కరు లేపి ఇచ్చింది. రాగులు, గోధుమలు, పెసలు, బాదం అని ఉంది. శనక్కాయలు లేవు. అమ్మయ్య అనుకునేలోపే దాని కింద ఇంకా చిన్న అక్షరాలు కనిపించాయి. వేరుశనగ వాడే చోట తయారు చేసిందని.

ఇంక సందేహం లేదు, నా చేతులారా నేనే చేశానని అనుకుంటూ కంపెనీ డబ్బా తీశాను. దాని వెనక అంతా ఇంగ్లీషు. ఇంతకుముందు ఎప్పుడూ చదవలేదు, ముందరి బొమ్మ చూసే కొన్నాను. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పోతే అడుగు వరుసలో పీనట్ అని ఉంది. ఆ మాట నాకు చాక్లెట్ కాగితాల మీద తెలుసు. నేను తప్పు చదివానేమోనని ఆ అమ్మాయికి చూపించాను.

"ఇందులో గూడా కలిసిండొచ్చని రాసినారక్కా," అంది.

ఇన్ని నెలలు పాపకు పెట్టింది అదే. ఏ పూటైనా, ఏ చెంచాలోనైనా జరిగి ఉండొచ్చు. అక్కడే అర పట్టుకుని నిలబడ్డాను. చవకది కొన్నందుకే ఇట్లా అయిందంటే, ఖరీదైనది కొంటే కాదన్న ఆశైనా ఉండేది. ఇప్పుడు అదీ లేదు. మొన్నటిది ఏ పిండి వల్ల జరిగిందో ఇంక ఎవరూ చెప్పలేరు. ఆయన ట్యూషన్లు చెప్పి తెచ్చిన డబ్బా తెరిచినా నాకు ఇదే భయం.

చివరికి వాళ్ళ సొంత పేరుతోనే ఉన్న బియ్యం చిన్న కవరు ఒకటి తీసుకున్నాను. లోపలిది కనిపించే కవరు. లైటు కింద పట్టుకుని తిప్పి తిప్పి చూశాను. గింజలు తప్ప ఇంకేమీ లేవు.

ఇంటికొచ్చేసరికి బయట అత్తగారి చెప్పులు ఉన్నాయి. బిడ్డకు ఒళ్ళు బాగలేదని ఆయన ఫోను చేశారట, ఏది పడలేదో చెప్పలేదట. తల్లి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు పట్టుకొస్తానని బిందెతో కొళాయి దగ్గరికి పోయారు. గదిలో అడుగుపెట్టగానే వేయించిన శనక్కాయల వాసన ముక్కుకు కొట్టింది. కొడుక్కి ఇష్టమని ఆమె ఎప్పుడు వచ్చినా బెల్లం పాకంలో ఉండలు చేసి తెస్తారు. డబ్బా సంచీలోంచి తీసి పరుపు పక్కనే పెట్టి ఉన్నారు. పాప లేచి కూర్చుని ఆమె వైపు చేతులు చాపుతోంది. అత్తగారు కొంగుకు వేళ్ళు తుడుచుకుని ఒంగారు.

"అత్తయ్యా, పాపను ముట్టుకోవద్దు."

ఆ మాట అనేది ఎప్పుడూ ఆమే. మడి కట్టుకుని వంట చేసేటప్పుడు నన్ను అన్నారు, కొడుకును అన్నారు, పాకుతూ వచ్చిన పాపను కూడా అన్నారు. ఆమెను ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఒంగిన మనిషి అట్లాగే ఆగిపోయారు.

"ఎవురితో అంటాండావు?"

 ఆమె వేళ్ళ సందుల్లో బెల్లం జిగురు, దానికి అంటుకున్న ఎర్రటి పొట్టు నాకు కనిపిస్తున్నాయి. పాప ఆ వేలు పట్టుకుంటే తిన్నగా నోట్లోకే పోతుంది. నేను పాపకూ ఆమెకూ మధ్యకు వచ్చి నిలబడ్డాను. ఆమె చేతికి శనక్కాయలున్నాయని, పాపకు అవి పడవంటున్నారని, మొన్న ఊపిరి ఆగబోయిందని చెప్పాను. 

ఆమె తన చేతులు చూసుకున్నారు.

"తింటేనా, తగిలినా?" అని అడిగారు.

"తగిలినా భయమే అత్తయ్యా."

అంతకంటే విడమరిచి చెప్పే పని లేకపోయింది. తగిలింది ఎట్లా పాకుతుందో, చేతి నుంచి చెంబుకు, చెంబు నుంచి కొంగుకు, కొంగు నుంచి పరుపుకు, అది ఆమెకు తెలిసినంత ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. పాప ఏడుస్తున్నా చూడకుండా, ఉండల డబ్బా, సంచీ తీసుకుని, మోచేత్తో తలుపు నెట్టి, గదిలో దేనికీ తగలకుండా బయటికి నడిచారు. దడి చాటున నెత్తి మీద నీళ్ళు పోసుకున్నారు. వచ్చిన చీర బయటే తీగ మీద వేసి, నా చీర ఒకటి అడిగి కట్టుకున్నారు. ఉండలు హజరాబీకి ఇచ్చి రమ్మని కొడుకుతో చెప్పి, ఇచ్చినాక చెయ్యి కడుక్కో, పిల్లను ఎత్తుకునే ముందర ఆమెనూ కడుక్కోమను అన్నారు. నేను పరుపు మీది దుప్పటి మార్చాను.

తర్వాత బియ్యం యాడివని అడిగారు. షాపువాళ్ళ సొంతవి, చవకవి అన్నాను. ఏమైనా అంటారేమోనని చూశాను. చేటలో పొయ్యమన్నారు. చెరొక పక్క కూర్చుని గింజ గింజా ఏరాం. నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగాను, ఇంకొకసారి కడగమన్నారు. కొత్తగా తోమిన గిన్నెలో ఒట్టి బియ్యంతో జావ కాచాను. ఉప్పు కూడా వేయలేదు.

ఆటో సిద్ధంగా ఉంచమని అన్సర్‌కు చెప్పి వచ్చి, ఆయన తలుపు దగ్గర నిలబడ్డారు. నేను చెంచా అంచుకు తగిలీ తగలనంత తీసుకున్నాను. పాప చెంచా చూడగానే నోరు తెరిచింది. దానికి భయం లేదు, జరిగిందేదీ గుర్తు లేదు. నేను ఏది పెట్టినా మింగుతుంది. 

పెట్టాను. మింగింది.

అత్తగారు చేతులు వెనక్కి పెట్టుకుని, పాప ముఖానికి దగ్గరగా ఒంగారు.

"పెదవి లావైనట్టుందా?"

"ఇంకా లేదు," అన్నాను.

పాప రెండో చెంచా కోసం గిన్నె అంచు మీద అరచేత్తో కొట్టింది. నేను చెంచా ఎత్తలేదు.