మనమే చేసినం

"గా వైర్లు జర పక్కకు తీయ్. కంచం పెట్టనీకె జాగ లేదు" అంటూ అనికేత్ కింద కూర్చున్నాడు.

మయూరి ఒక చేత్తో పెనం మీది చపాతీ తిప్పి, రెండో చేత్తో సోల్డరింగ్ ఐరన్‌నూ, సన్నటి వైర్లనూ, విప్పిన పాత మెమరీ కార్డునూ పళ్లెంలోకి ఎత్తి కుట్టుమిషను మీద పెట్టింది. కామాటిపురాలోని ఆ ఒక్క గదిలోనే వంట, పడక, అత్త వజ్రమ్మ దేవుడి మూల, భర్త అనికేత్ కెమెరా బ్యాగులు అన్నీ ఇమడాలి. ఏది దేనికి అడ్డమొచ్చినా జరగాల్సింది మయూరి సామానే. ఆ వైర్లు నీ కెమెరా కోసమే కదా అని ఆమె అనలేదు. అంటే "నేను చెప్పిన్నా చెయ్యమని?" అంటాడు. చెప్పలేదు, నిజమే. ఈ ఇంట్లో ఆమె చేసే పనుల్లో చాలావరకు ఎవరూ చెప్పనివే. చెయ్యని రోజున మాత్రం అందరికీ గుర్తొస్తాయి.

అనికేత్ తెలుగువాళ్ల పెళ్లిళ్లు తీస్తాడు, అప్పుడప్పుడు చిన్న సినిమాలకూ పిలుస్తారు. అందుకే సెకండ్ హ్యాండ్‌లో సినిమావాళ్లు వాడే కెమెరా కొన్నాడు. దానిలో రా వీడియో తీయొచ్చు. అంటే కెమెరా కన్ను చూసినదాన్ని ఏమీ నొక్కకుండా, తగ్గించకుండా దాచేది. రంగులు తర్వాత కావలసినట్టు దిద్దుకోవచ్చు. చిక్కల్లా, ఆ వీడియో వరదలా వచ్చి పడుతుంది. దాన్ని అందుకోగల కార్డు కొనడం అతని వల్ల కాలేదు, చవక కార్డు పెట్టాడు. పోయిన ఎండాకాలం ఒక పెళ్లిలో సరిగ్గా తలంబ్రాల వేళ కార్డు అందుకోలేక కెమెరా ఆగిపోయింది. పెళ్లివారు నలుగురిలో మాటలన్నారు. అతను ఇంటికొచ్చి ఆ మాటలన్నీ మయూరి మీద కుమ్మరించాడు. "కార్డు ఖాలీ చేసి ఇచ్చింది నువ్వే గదా. ఏం ఖరాబ్ చేసినవో!"

ఖరాబ్ చెయ్యలేదని ఆమెకు తెలుసు. పెళ్లికి ముందు గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని చేసింది. వెంట్రుకంత తీగలను బోర్డు మీద అతికించడం చేతికి అలవాటు. పెళ్లయ్యాక "మొగోళ్ల నడుమ కూసోని ఫోన్లు విప్పుడు ఏం పని బిడ్డా?" అంది వజ్రమ్మ. మెత్తగానే అంది. మెత్తగా అన్న మాటకు ఎదురు చెప్పడం ఇంకా కష్టం. సోల్డరింగ్ ఐరన్ అటక ఎక్కింది.

ఆ పెళ్లి తిట్ల తర్వాత మయూరి దాన్ని దించింది. ఆ కెమెరా కార్డుకూ, ల్యాప్‌టాప్‌లలో ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీకీ లోపల మాట్లాడుకునే భాష ఒకటేనని ఫోన్లో చదివింది. అయితే కార్డు చోట ఎస్‌ఎస్‌డీనే పెడితే? చెడిపోయిన కార్డు డొల్లలోంచి మొనలున్న ముక్కను తీసి, దానికి వైర్లు అతికి, బయట చిన్న పట్టీలాంటి ఎస్‌ఎస్‌డీకి కలిపింది. చెప్పుకోవడానికి ఇంతే. చెయ్యడానికి ఎన్ని మధ్యాహ్నాలు పట్టాయో! ఐరన్ వేడెక్కేసరికి నల్లా వచ్చేది. నీళ్లు పట్టి వచ్చేసరికి అత్తకు మోకాళ్ల నూనె. కూర్చుని తీగ మొన పట్టుకుంటే అనికేత్ ఫోన్, "నీలం అంగీ ఇస్త్రీ చేసినవా?" అని. చల్లారిన ఐరన్‌ను మళ్లీ వేడి చేసుకోవచ్చు, తెగిన ఆలోచనను ఎక్కడినుంచి అతకాలి? మొదటిసారి కెమెరా ఎస్‌ఎస్‌డీని గుర్తుపట్టనేలేదు. వైరు పొడుగైతే దారిలో సంకేతం పాడవుతుందని తెలుసుకుని, వేలెడంతకు కుదించింది. ఈసారి రికార్డయింది, కాసేపటికి వేడెక్కి ఆగింది. పాత టిఫిన్ డబ్బా మూత నుంచి అల్యూమినియం రేకు కత్తిరించి ఎస్‌ఎస్‌డీకి అంటించింది. ఆగలేదు.

ఎంతసేపు ఆగదో చూడాలి కదా. కెమెరాను గూట్లో నిలబెట్టి, బటన్ నొక్కి, తన పనుల్లో పడిపోయింది. వంటయ్యాక ల్యాప్‌టాప్‌లో పెట్టి చూసింది. రా వీడియో మొదట బూడిదరంగులో, వెలిసిపోయినట్టు ఉంటుంది. ఆ బూడిదరంగు గదిలో ఒక ఆడమనిషి వీపు. వంగుతోంది, లేస్తోంది, మళ్లీ వంగుతోంది. ఒక చోట కూర్చుని ఒళ్లో చేతులు పెట్టుకుంది, ఎవరో పిలిచినట్టున్నారు, వెంటనే లేచింది. ఈ మనిషి ఎప్పుడు కూర్చుంటుంది అని మయూరికి జాలేసింది. తర్వాత నవ్వొచ్చింది, తన మీద తనకే జాలి ఏమిటని. తర్వాత నవ్వు పోయి కోపమొచ్చింది. ఇన్నేళ్లుగా "ఇంట్ల కూసోని ఏం జేస్తవ్" అన్న మాటకు ఆమె నిజంగానే జవాబు వెతుక్కునేది. పొద్దున్నుంచీ ఏం చేశానబ్బా అని. అడిగిన మనిషిని వదిలేసి తనను తాను సోదా చేసుకునేది.

అనికేత్ వచ్చి చూశాడు. ముందుకు జరిపాడు, వెనక్కి జరిపాడు. ఒక్క ఫ్రేమూ పోలేదు. "అరె వా! చల్తుంది! ఒక్క జాగలనన్న ఆగలే!" అని చిన్నపిల్లాడిలా గంతేశాడు. ఆమె కూడా నవ్వింది. ఆ ఒక్క నిమిషం అతని మీద ఉన్న కోపమంతా పోయింది. "గిదేంది, అంతా నీ వీపే ఉన్నది. డిలీట్ కొట్టు, ఖాలీ జాగ తింటది" అన్నాడతను, కెమెరాను బ్యాగులో పెట్టుకుంటూ.

ఆమె డిలీట్ కొట్టింది.

తర్వాతి వారం దాదర్‌లో తెలుగువాళ్ల సాంస్కృతిక కార్యక్రమం. మయూరి బ్యాటరీల సంచీ మోస్తూ వెంట వెళ్లింది. నాట్యం మొదటి నుంచి చివరిదాకా కెమెరా ఎక్కడా ఆగలేదు. అయిపోయాక మిగతా కెమెరావాళ్లు చుట్టూ మూగారు. కింద రేకుతో వేలాడుతున్న ఆ పట్టీని తాకి చూశారు. "ఎక్కడ చేయించినవ్ దాదా?" అని అన్నను పిలిచినట్టు పిలిచి అడిగింది దర్శన. పరేల్‌లో ఇరుకు గదుల చాల్‌లో పెరిగిన తెలుగు పిల్ల, ఇప్పుడు సొంతంగా చిన్న సినిమాలు తీస్తోంది.

"చేయించుడేంది? మనమే చేసినం" అన్నాడు అనికేత్.

మనమే. మయూరి సంచీ భుజం మార్చుకుంది. ఆ మాటలో తనకూ కొంచెం చోటుంది కదా అనుకుంది. ఆ కాస్త చోటుకే మనసు ఎంత సర్దుకుని కూర్చుందో!

"అంటే సోల్డరింగ్ ఎవరు చేసిండ్రు?" దర్శన వదల్లేదు.

"నేనే."

అతను మయూరి వైపు చూడలేదు. దాచాలన్న తొట్రుపాటు కూడా లేదు, అదే ఆమెకు మింగుడుపడలేదు. అబద్ధం చెప్పేవాడు కనీసం కళ్లు తిప్పుకుంటాడు. ఇతను తన చెయ్యి తనదన్నంత మామూలుగా అన్నాడు. ఇంటికొస్తూ బస్సులో "దర్శన కెమెరాకు గూడ పెడతనని చెప్పిన. ఆదివారం వస్తది, మంచి చాయ్ పెట్టు" అన్నాడు.

"నేనే అని ఎందుకన్నవ్?"

"అరె, నువ్వు వేరే, నేను వేరేనా? ఇంట్ల మనిషికి గూడ పేరు కావాల్నా?"

ఆమె కిటికీ వైపు తిరిగింది. వేరు కాకపోతే మయూరి అని ఎందుకనలేదు? పక్క సీట్లో మనుషులున్నారని ఆ ప్రశ్న పైకి అడగలేదు.

ఆదివారం పొద్దున దర్శన తన కెమెరా తీసుకుని వచ్చింది. వజ్రమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. గదిని రెండుగా చేసే పరదా ఇవతల, స్టవ్ దగ్గర మయూరి నిలబడింది.

"ఈ రేకెందుకు దాదా?" దర్శన గొంతు.

అనికేత్ మంచినీళ్ల వంకతో పరదా ఇవతలికి వచ్చాడు. "రేకెందుకు పెట్టినవ్?" అని గుసగుసగా అడిగాడు.

"ఎస్‌ఎస్‌డీ వేడెక్కితే స్పీడ్ తగ్గుతది. రేకు ఆ వేడిని గుంజుతది."

అతను నీళ్లు తాగకుండానే వెళ్లి ఆ మాటలే అప్పజెప్పాడు. దర్శన మెచ్చుకుంది. "నాకు దీన్ని కెమెరా కింద కాదు, భుజం వెనకాల పెట్టుకోవాలని ఉంది. వైరు పొడుగు చేస్తవా?"

"ఎంతంటే అంత చేస్తం. అదేం పెద్ద పని?"

అల్లం దంచుతున్న మయూరి చెయ్యి ఆగిపోయింది. వైరు పొడుగు చేస్తే కెమెరా గుర్తుపట్టదు, పట్టినా నడుమ ఎక్కడో ఫ్రేములు పోతాయి. పోయిన సంగతి షూటింగ్ అయ్యాకగానీ తెలియదు. ఈసారి అతను అడగడానికి కూడా రాలేదు.

"పక్కానా దాదా?" దర్శన మళ్లీ అంది. "మా నాయనమ్మ బిల్డింగులకు ఇటుకలు మోసిన ముచ్చట్లు తీస్తున్న. ఆమెకు మతి తప్పుతున్నది. ఇయ్యాల చెప్పింది రేపు చెప్పదు. ఒక్కసారి పోతే పోయినట్టే."

అనికేత్ మళ్లీ పరదా ఇవతలికి వచ్చాడు. ముఖాన చెమట. "జల్ది చెప్పు. వైరు పొడుగు చేయొస్తదా, రాదా? ఆమెకు ఏం చెప్పాలె?"

మయూరి అతని ముఖంలోకి చూసింది. కోపం వస్తుందనుకుంది, రాలేదు. చాలాసేపు నిలబడ్డాక కాళ్ల బరువు ఒక్కసారిగా తెలిసినట్టు, అలసట తెలిసింది.

"నన్ను అడగమని చెప్పు" అంది.

గుసగుసగా కాదు, పరదా అవతలికి వినిపించే మామూలు గొంతుతో. వజ్రమ్మ చేతుల్లో చిక్కుడుకాయలు ఆగాయి. అనికేత్ "ఏయ్, మెల్లగ..." అనబోయేలోపే ఆమె చేతులు తుడుచుకుని, పరదా తోసి, వెళ్లి దర్శన ఎదురుగా కూర్చుంది.

"వైరు పొడుగు చేస్తే నీ నాయనమ్మ మాటలు పోతయి. చెయ్యను. భుజం వెనక కావాలంటే వేరే ఉపాయం చూస్త, జర టైం ఇయ్యి. నేను చేసిన పని, నాతోనే మాట్లాడు."

దర్శన ఆమెనూ, పరదానూ ఒకసారి చూసింది. కెమెరాను మయూరి వైపు జరిపింది. మయూరి స్క్రూలు విప్పడం మొదలుపెట్టింది.

స్టవ్ మీద నీళ్లు మరుగుతున్న చప్పుడు. పరదా వెనక డబ్బాల మూతలు తీస్తూ వేస్తూ, చివరికి అనికేత్ గొంతు వినిపించింది.

"మయూరీ, చాయ్‌పత్తా యాడున్నది?"

ఆమె బోర్డు మీదనుంచి తలెత్తలేదు.

"ఇంట్లనే ఉన్నది. వెతుకు."