మెత్తచెయ్యి మొహం

సెలూన్‌లో అందరూ అతన్ని మెత్తచెయ్యి అని పిలిచేవారు. అతను గడ్డం గీస్తుంటే కత్తి తగులుతున్నట్టే ఉండదని పేరు. కుర్చీలో కూర్చున్నవాళ్ళు హాయిగా కునుకు తీసేవారు. సెలూన్ యజమాని అతని భార్యకి స్వయానా అన్న. మెత్తచెయ్యీ, యజమానీ ఒకరినొకరు ‘బావా’ అనే పిలుచుకునేవారు. ఉన్న మూడు కుర్చీల్లో వీధి కిటికీ పక్కనున్నది మెత్తచెయ్యిది. పెళ్ళి కాకముందు నుంచీ అతను నిలబడింది దాని వెనకే.

ఆ ఏడు చలి ముందే దిగింది. ఒక ఉదయం జుట్టు కత్తిరిస్తూ, కస్టమరుకి కప్పిన నల్లగుడ్డ మీద తెల్లటి పొట్టు రాలి ఉండడం చూశాడు. చుండ్రు కాబోలనుకుని బ్రష్షుతో దులిపాడు. మళ్ళీ రాలింది. ఆ మనిషి తల చూస్తే శుభ్రంగా ఉంది. మెత్తచెయ్యి అద్దంలోకి చూశాడు. తన కనుబొమల్లోనూ, ముక్కుకి రెండు పక్కలా చర్మం పొరలుపొరలుగా లేచి ఉంది. కస్టమరు కూడా అదే అద్దంలోకి చూస్తున్నాడు.

ఇంటికెళ్ళి సలసల కాగే నీళ్ళు పెట్టుకుని, సబ్బు రాసి, గరుకు తువ్వాలుతో మొహం రుద్దుకున్నాడు. పొట్టంతా పోయి మొహం ఎర్రగా నిగనిగలాడింది. తెల్లారేసరికి రెట్టింపు లేచింది. మళ్ళీ రుద్దాడు. గడ్డం గీశాక కస్టమర్లకి రాసే మందు తన బుగ్గలకీ పట్టించాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“గిన్నెలు తోమినట్టు తోముతున్నావేంటి? అది మొహమా, మూకుడా?” అంది భార్య.

“పొద్దస్తమానం అద్దం ముందు నిలబడే పని నాది. ఇలా వెళ్తే ఎవడు కూర్చుంటాడే నా కుర్చీలో?”

“తెల్లగా అవ్వాలని జనం ఏవేవో పూసుకుంటున్నారు. నీకు ఉత్తినే వచ్చింది, సంతోషించు” అని నవ్వించబోయింది. అతను నవ్వాడు కూడా. నవ్వగానే పెదవి చివర చీలి రక్తం చిమ్మింది. ఆమె నవ్వు ఆగిపోయింది. కొబ్బరినూనె తెచ్చి వేలితో అద్దింది. పొద్దునకల్లా నూనె మెరుపులో పొట్టు ఇంకా బాగా కనిపించసాగింది.

ఆ వారంలోనే ఒక కొత్త కస్టమరు నల్లగుడ్డ కప్పుకోబోతూ ఆగి, “ఏమనుకోకండి, ఇది అంటుకుంటుందా?” అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు. మెత్తచెయ్యికి తల కొట్టేసినట్టయింది. “లేదండీ, చలికి” అన్నాడు. ఆ మనిషి ఏదో ఫోను గుర్తొచ్చినట్టు లేచి బయటికి వెళ్ళాడు. కిటికీలోంచి చూస్తే, వీధి దాటి అవతలి సెలూన్‌లోకి దూరాడు.

అప్పటికే పక్క కుర్చీల దగ్గర పనిచేసేవాళ్ళు చాటుగా అతన్ని సున్నం అంటున్నారు. ఆ మాట అతని చెవిన పడింది.

భార్య పోరుపెట్టి చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ దీపం దగ్గరగా పెట్టి చూసి, “ఎన్నిసార్లు రుద్దుతున్నారు?” అని అడిగింది.

“పొట్టు లేచినప్పుడల్లా.”

“అదే మీరు చేస్తున్న తప్పు. వేడినీళ్ళు మానెయ్యండి, మొహానికి సబ్బు కూడా మానెయ్యండి. గోరువెచ్చటి నీళ్ళతో కడుక్కుని, తడి పూర్తిగా ఆరకముందే ఈ క్రీము రాయండి. ఎంత దురద పెట్టినా గోకొద్దు. ఇది అంటుకునేది కాదు.”

“ఎప్పటికి తగ్గుతుందమ్మా?”

“బాగా చితక్కొట్టుకున్నారు కదా, టైము పడుతుంది. చలి తగ్గేదాకా ఓపిక పట్టండి. మళ్ళీ ఏడాది మాత్రం మొదట్లోనే జాగ్రత్తపడాలి.”

‘మళ్ళీ ఏడాది’ అన్న మాటకి అతని గుండె జారిపోయింది.

మర్నాడు యజమానితో, “బావా, అంటుకోదని డాక్టరే చెప్పింది” అన్నాడు.

“నాకు తెలీదా బావా? నేను నీతో ఒక కంచంలో తిన్నవాణ్ణి. కానీ వచ్చినవాడికల్లా ఏమని చెప్పమంటావు? కొన్నాళ్ళు వెనక గది చూసుకో. తువ్వాళ్ళు ఉతకాలి, దువ్వెనలు కడగాలి, అదీ పనే కదా.” మొహమాటపడుతూనే, మొహం చూడకుండా అన్నాడు.

కిటికీ పక్క కుర్చీ దగ్గర పనికి కొత్త మనిషి వచ్చాడు. నడివయసువాడు, నెమ్మదస్తుడు. మొదటిరోజే వెనక గదిలోకి వచ్చి, “అన్నా, మీరు తిరిగొచ్చేదాకానే” అన్నాడు. అతను చెడ్డవాడైనా బాగుండేదనిపించింది మెత్తచెయ్యికి. తిట్టుకోడానికైనా ఒకడు దొరికేవాడు.

అతనికి మిగిలిన ఒకే ఒక ఆశ మాష్టారు. రిటైరైన లెక్కల మాష్టారు, ఏళ్ళ తరబడి మెత్తచెయ్యి చేతే గడ్డం గీయించుకుంటున్నాడు. కొత్త మనిషి గుడ్డ విదిల్చి పిలిస్తే మాష్టారు కూర్చోలేదు.

“మావాడేడీ? నా గడ్డం అతనే గియ్యాలి. చలికి చర్మం లేస్తే మనిషిని దాచేస్తారటయ్యా!” అని గట్టిగా అన్నాడు. సెలూనంతా వినిపించింది. వెనక గదిలో మెత్తచెయ్యి ఉతుకుతున్న తువ్వాలు బకెట్లోకి వదిలేశాడు. చేతులు తుడుచుకుని పరుగులాంటి నడకతో వచ్చాడు.

నురుగు కలిపి పట్టించాడు. కత్తి పట్టుకోగానే చెయ్యి ఎప్పటిలాగే కదిలింది. ఒక బుగ్గ నున్నగా వచ్చింది. అప్పుడు మాష్టారు కళ్ళు మూసుకునే, “స్వర్గమంటే ఇదేనోయ్” అన్నాడు. మెత్తచెయ్యి మనసారా నవ్వాడు. చలికాలం మొదలయ్యాక అంత నవ్వు నవ్వడం అదే మొదలు. పెదవి పగిలింది. తుడుచుకునేలోగా రక్తపు బొట్టు మాష్టారి గడ్డం మీది తెల్లటి నురుగులో పడింది.

మాష్టారు కళ్ళు తెరిచి అద్దంలో చూశాడు. ఆ రక్తం తనది కాదని ఆయనకి అర్థమైంది. ఒక్కసారిగా తల వెనక్కి లాక్కున్నాడు.

“క్షమించండి మాష్టారూ, పెదవి…”

“ఫర్వాలేదు, ఫర్వాలేదు” అంటూనే నల్లగుడ్డ అంచుతో నురుగు గబగబా తుడిచేసుకున్నాడు. “మిగతాది ఇంట్లో చూసుకుంటాలే.” సగం గడ్డంతోనే లేచి వెళ్ళిపోయాడు.

బావ వచ్చి అతని చేతిలోంచి కత్తి తీసుకున్నాడు. చిన్నపిల్లల చేతిలోంచి తీసుకున్నంత నెమ్మదిగా తీసుకున్నాడు.

ఆ తర్వాత మాష్టారు కొన్నాళ్ళు కనబడలేదు. వచ్చిన రోజు, వెనక గది తెర సందులోంచి చూశాడు మెత్తచెయ్యి. ఆయన కొత్త మనిషి ముందు కూర్చుని తల వెనక్కి వాల్చాడు. మావాడేడీ అని ఎవరినీ అడగలేదు. కాసేపటికి కునుకు కూడా తీశాడు. మెత్తచెయ్యి తువ్వాళ్ళ బకెట్టు ముందు కూర్చుండిపోయాడు. ఇంట్లో ఆ సంగతి చెప్పలేదు. “అన్నం ఎందుకు వదిలేశావు?” అని భార్య అడిగితే, పెదవి మంటగా ఉందన్నాడు.

క్రీము రాస్తూనే ఉన్నాడు. రాయకపోతే భార్య ఊరుకోదు గనక రాశాడు. ఎండలు మొదలయ్యేసరికి పొట్టు తగ్గింది, ఎరుపు పోయింది, పెదవి అతుక్కుంది. ఒకరోజు భార్య అతని బుగ్గ మీద చెయ్యి వేసి, “చూశావా, పసిపిల్లాడి మొహంలా అయింది. ఇవాళ అన్నయ్యని అడుగు” అంది.

అడిగాడు. బావ దువ్వెనలు సర్దడం మొదలుపెట్టాడు.

“ఇతనికి కస్టమర్లు అలవాటుపడ్డారు బావా. ఏమని పంపించను? పంపించినా… చలికాలం మళ్ళీ రాదంటావా?”

వస్తుందని డాక్టరే చెప్పింది. వేరేచోట పని వెతుక్కుందామా అనుకున్నాడు గానీ, అక్కడ మళ్ళీ అద్దం ముందు నిలబడి కొత్త కస్టమరు కళ్ళలోకి చూడాలన్న ఊహకే వెనక్కి తగ్గాడు. అద్దంలేని వెనక గదే నయమనిపించింది. అలా అనిపించినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

ఒక మధ్యాహ్నం ఉతికిన తువ్వాళ్ళు ఆరేయడానికి బయటికొస్తే, వీధిలో ఎవరో దారినపోయే మనిషి ఆపాడు. పెరిగిన గడ్డం నిమురుకుంటూ, “ఈ సెలూన్‌లో గడ్డం బాగా గీస్తారా అండీ?” అని అడిగాడు.

“గీస్తారు” అన్నాడు మెత్తచెయ్యి. “కిటికీ పక్క కుర్చీలో కూర్చోండి. అతని చెయ్యి బాగుంటుంది.”

ఆ మనిషి థాంక్సు చెప్పి లోపలికి వెళ్ళాడు. మెత్తచెయ్యి తడి తువ్వాలు ఒక్కొక్కటే దులిపి తీగ మీద వేశాడు.