రెండంగుళాల ఊపిరి

కాలేజీవాళ్లు పెట్టిన షరతులన్నీ బుద్ధిగా విన్న కొమురెల్లికి చివరి షరతు దగ్గర మాత్రం నవ్వాగలేదు.

"ఏందీ? ఊపిరి పీలిస్తే రొమ్ము రెండంగుళాలు పొంగాల్నా? గిది గూడ ఒక షరతేనా సారూ? ఎద్దును కొనేటోడు పండ్లు జూస్తడు, నడక జూస్తడు. ఊపిరి కొలిచినోన్ని నేనైతే జూడలే."

జగన్మోహన్‌రావు సారు కూడా నవ్వాడు. చొప్పదండి బడిలో కొమురెల్లి కొడుకు హనుమంతుకు లెక్కలు చెప్పింది ఆయనే. పట్నంలో ఇంజనీరింగు కాలేజీ ఉందనీ, దానికి ప్రవేశపరీక్ష ఉంటుందనీ చెప్పి కుర్రాడి చేత రాయించిందీ ఆయనే. ఇవాళ పనిగట్టుకుని వాళ్ల ఊరికి వచ్చి, కొమురెల్లి ఇంటి ముందు మంచం మీద కూర్చుని, ఒక్కొక్క షరతూ విప్పి చెబుతున్నాడు. వయసు పదహారు నిండాలి. నిండింది. ముల్కీ అయి ఉండాలి, అంటే ఈ గడ్డ మనిషే అయి ఉండాలి. "మా తాతలు, ముత్తాతలు గీ మట్టిలనే కలిసిండ్రు. ఇంకేం ముల్కి గావాలె?" అన్నాడు కొమురెల్లి. లెక్కల్లో మార్కులు కావాలి. అడిగినదానికంటే ఎక్కువే ఉన్నాయి. ప్రవేశపరీక్ష నెగ్గాలి. నెగ్గాడు. ఇక మిగిలింది కరీంనగర్ పెద్ద దవాఖానాలో డాక్టరు చూసి, మనిషి గట్టివాడేనని సంతకం పెట్టడం. ఆ ఒక్కటి లేకపోతే మిగిలినవన్నీ ఉండీ లేనట్టే.

"గీనికా ఫికర్? మోట కొట్టెటోని కొడుకు సారూ వీడు. రెండంగుళాలేంది, బెత్తెడు పొంగుతది!"

పక్కింటి రాజక్క గోడ మీదుగా తల పెట్టింది. "పొంగుతది, పొంగుతది. నీ లెక్క నోరు గూడ పొంగకుంటె సాలు."

అందరూ నవ్వారు. హనుమంతు కూడా నవ్వాడు. బాపు ముఖంలో అలాంటి వెలుగు అతను బావి దగ్గర తప్ప ఇంకెక్కడా చూడలేదు. ఆ వెలుగుకు కారణం తనే అన్నది అతనికి సంతోషంగా ఉంది. కొంచెం భయంగానూ ఉంది.

భయం ఊరికే పోలేదు. శుక్రవారం దవాఖానాలో అతను తప్పాడు.

డాక్టరు జనార్దన్‌రావు చెడ్డవాడు కాడు, మాట మాత్రం కటువు. కళ్లు చూశాడు, పళ్లు చూశాడు, గుండె విన్నాడు. అన్నింటికీ తల ఊపాడు. చొక్కా విప్పించి రొమ్ము చుట్టూ టేపు వేసి, "ఊపిరి పీల్చు" అన్నాడు. హనుమంతు పీల్చాడు. టేపు ఓ రవ్వ కదిలి ఆగిపోయింది.

"ఇదేనా? గట్టిగా పీల్చవయ్యా."

మళ్లీ పీల్చాడు. భుజాలు ముందుకు ముడుచుకున్నాయి, గడ్డం కిందికి దిగింది. గాలి గొంతు దాకా వచ్చి, లోపలికి రావచ్చా అని అడుగుతున్నట్టు అక్కడే నిలబడింది. తలుపు దగ్గర బాపు తువ్వాలు చంకలో పెట్టుకుని, నడుము వంచి నిలబడి ఉన్నాడు. అతని పెదవులు కూడా కదులుతున్నాయి, కొడుకు బదులు తానే పీలుస్తున్నట్టు.

"షరతు షరతే" అన్నాడు డాక్టరు టేపు చుట్టేస్తూ. "సగం కూడా రాలేదు. సోమవారం ఇంకోసారి చూస్తాను. ఆ తర్వాత నా చేతిలో లేదు, ఆ రోజే ఆఖరు."

"చిత్తం దొరా" అన్నాడు కొమురెల్లి. వెనక్కి తిరగకుండా, అలాగే వంగి, వెనక అడుగులు వేస్తూ గది దాటాడు.

ఊళ్లో ఆ రాత్రికే తలా ఒక మందు చెప్పారు. తల్లి సత్తవ్వ గుడ్లు ఉడకబెట్టింది. రాజక్క మేకపాలు పట్టుకొచ్చి, దగ్గర నిలబడి తాగించింది. "తాగు కొడుకా. రేపు నువ్వు కట్టే వంతెన మీదికెల్లి నేను నడువాలె. సన్నగుంటె కూలుతది." తెల్లారి దర్జీ టేపు తెచ్చి ఇంటి ముందే కొలిచారు. విచిత్రం ఏమంటే, ఇక్కడ రెండంగుళాలు కాదు, మూడుకు దగ్గరగా వచ్చింది. మళ్లీ కొలిచారు. మళ్లీ అంతే.

"మరి ఆడ ఏమైందిరా?" అన్నాడు కొమురెల్లి. "ఊపిరి ఇంట్ల మరిచి పోయినవా?"

తన శరీరం తనకు తెలియని మాట ఏదో దాచుకున్నట్టు హనుమంతుకు అనిపించింది. రోజంతా దాన్నే తవ్వుతూ కూర్చున్నాడు. లెక్క తప్పినప్పుడు వెనక్కి నడిచి తప్పిన మెట్టు వెతకమని సారు నేర్పాడు. అతను అలాగే వెనక్కి నడిచాడు. దవాఖానా గది, టేపు, బల్ల వెనక తెల్లబట్టల మనిషి, తలుపు దగ్గర వంగిన బాపు. ఆ వంపు దగ్గర అడుగు ఆగింది. దాన్ని తను ఇంతకుముందు ఎక్కడ చూశాడు?

ఊరి దొర ఉండే గడీలో.

పోలీసు చర్యకు ముందటి ఏడాది అది. తనకు ఐదేళ్లుండొచ్చు. బాపు అప్పుడు దొర దగ్గర జీతగాడు. వడ్ల బస్తా మోసుకుని గడీ మెట్లెక్కి దింపాడు. దొర మధ్యాహ్నం కునుకు తీస్తున్నాడు. బాపు పక్కన నిలబడి రొప్పుతున్నాడు, బరువు దించిన ఏ మనిషైనా రొప్పినట్టే. దొర కళ్లు తెరవకుండానే అన్నాడు, "ఎవడ్రా వాడు, బర్రె లెక్క ఊపిరి తీస్తుండు?" ఆ మాటతో బాపు ఊపిరి ఆగిపోయింది. నిజంగానే ఆగింది. మెడ నరాలు ఉబ్బాయి, కళ్లు ఎర్రబడ్డాయి, చప్పుడు మాత్రం లేదు. బయటికి వచ్చాక, గోడ చాటున, బాపు చిన్న హనుమంతు వీపు మీద చెయ్యి వేసి నొక్కి నేర్పాడు. "పెద్దోళ్ల ముంగట గిట్ల నిలవడాలె బిడ్డా. భుజాలు దగ్గరికి. ఊపిరి సన్నగ. ఇనవడొద్దు." మంచి పిల్లవాడు కనుక, హనుమంతు ఆ పాఠం ఒక్కసారికే నేర్చుకున్నాడు. లెక్కల కన్నా ముందు నేర్చిన పాఠం అది. ఆ డాక్టరు దొర కాడని బుద్ధికి తెలుసు. పక్కటెముకలకు ఎవరూ చెప్పలేదు.

ఆదివారం పొద్దున బావి దగ్గరికి వెళ్లాడు. కొమురెల్లి ఎడ్లతో మోట కొట్టి నీళ్లు తోడుతున్నాడు. ఎడ్లు వాలు దిగుతుంటే మోకు మీద కూర్చుని అతనూ దిగుతున్నాడు. తలకు తువ్వాలు చుట్టి ఉంది. బొక్కెన పైకి వచ్చే వేళకు అతను తల ఎత్తి పెట్టే కేక పొలాలు దాటి పోతుంది. పాట కాదది, మాటా కాదు. అవతలి చేన్లో వాళ్లు ఆ కేకను బట్టే పొద్దెంతయిందో చెప్పుకుంటారు. పిల్లప్పుడు హనుమంతు గట్టు మీద కూర్చుని, బాపు కేక కోసం గాలి లాగినప్పుడల్లా తనూ లాగేవాడు. ఎందుకని అడిగితే చెప్పలేడు. బాపు రొమ్ము పొంగేది, తన రొమ్ము పొంగేది, కేక అయిపోయాక ఇద్దరూ ఒకేసారి ఖాళీ అయ్యేవారు.

చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆగాడు. బాపును తప్పు పట్టినట్టు అవుతుందేమో. చివరికి ఎడ్లకు దమ్ము ఇచ్చినప్పుడు అన్నాడు.

"బాపూ, ఆ డాక్టరు ముంగట నిలవడితే నాకు గడీల నిలవడ్డట్టే అయితంది. ఊపిరి సన్నగైతంది."

కొమురెల్లి ఎద్దు మెడ నిమిరాడు. గడ్డిపోచ తెంపి నోట్లో పెట్టుకున్నాడు.

"నేనే నేర్పిన గదా" అన్నాడు ఆఖరుకు.

"గప్పుడు గదే మంచిదాయె బాపు. నేర్పకుంటె దెబ్బలు తిందుము."

"గప్పటిది గప్పుడు." లేచి ఎడ్లను అదిలించాడు. ఆ తర్వాత పెట్టిన కేక మామూలు కంటే పొడుగ్గా సాగిందని హనుమంతుకు తోచింది.

సోమవారం దవాఖానా కిటకిటలాడుతోంది. జనార్దన్‌రావు విసుగ్గా ఉన్నాడు. "నువ్వా? రా, విప్పు" అన్నాడు. ఈసారి కొమురెల్లి గదిలోకి రాలేదు. "నేను బయట ఉంట" అని ముందే చెప్పి, కిటికీ అవతల ఆవరణలో రోగుల మధ్య నిలబడ్డాడు. తను పక్కన లేకపోతే కొడుక్కు నయమని అతని లెక్క.

లెక్క తప్పింది. టేపు చల్లగా చుట్టుకోగానే హనుమంతు భుజాలు వాటంతట అవే దగ్గరికి వచ్చాయి. వద్దనుకున్నకొద్దీ ముడుచుకున్నాయి. పీల్చాడు. కాంపౌండరు టేపు చూసి పెదవి విరిచాడు. ఇంకోసారి. అంతే. డాక్టరు కలం మూత తీశాడు.

హనుమంతు కిటికీలోంచి చూశాడు. బాపు అక్కడే ఉన్నాడు, చంకలో తువ్వాలు, నడుములో వంపు. చూపులు కలిశాయి. కొడుకు ముఖంలో కొమురెల్లి ఏం చదివాడో కానీ, చంకలోంచి తువ్వాలు లాగాడు. విదిలించాడు. బావి దగ్గర చుట్టినట్టు తలకు చుట్టాడు. నడుము నిటారుగా అయింది. అంత పొడుగు మనిషా తన తండ్రి అని హనుమంతు ఆశ్చర్యపోయేలోగా, కొమురెల్లి తల ఎత్తి కేక పెట్టాడు.

బొక్కెన నిండా నీళ్లతో పైకి వచ్చేటప్పుడు పెట్టే కేక. ఆవరణలో చంటిపిల్లలు ఏడుపు ఆపారు. చింతచెట్టు మీది కాకులు లేచాయి. ఇక్కడ గదిలో హనుమంతు ఏమీ చెయ్యలేదు. అతని రొమ్ము దానంతటదే తెరుచుకుంది.

"సార్! దాటింది సార్! రెండు దాటి పోయింది!" అన్నాడు కాంపౌండరు.

"ఎవడయ్యా అది? దవాఖానా అనుకున్నాడా, అంగడి అనుకున్నాడా?" డాక్టరు కలం బల్ల మీద పడేశాడు. "ఆ అరుపుకు ఉలిక్కిపడ్డావు నువ్వు. అది లెక్కలోకి రాదు. నిమ్మళంగా, నీ అంతట నువ్వు పీల్చాలి."

బయట చప్రాసీ పరుగెత్తాడు. "ఏయ్, గట్ల ఒర్రుతవేంది? తలపాగ తియ్యి! లోపల పెద్ద డాక్టరున్నడు!"

ఇక అయిపోయిందనుకున్నాడు హనుమంతు. ఇప్పుడు బాపు వంగుతాడు. చేతులు జోడిస్తాడు. తప్పయింది దొరా అంటాడు.

కొమురెల్లి వంగలేదు. గొంతు కొంచెం బొంగురుపోయింది, అంతే. "జర ఆగు తమ్మీ. లోపల నా కొడుకు ఊపిరి తీస్తుండు. అయినంక నన్నేమన్నా అను."

హనుమంతు కిటికీ మీంచి చూపు తిప్పి నేరుగా డాక్టరు ముఖంలోకి చూశాడు. బల్ల వెనక ఉన్నది నిద్ర చాలని కళ్లతో, చెంప మీద సిరా మరకతో ఉన్న ఒక మనిషి. ఇంతసేపూ ఆ మరక కనబడలేదు, ముఖం ఎత్తి చూడలేదు కనుక.

"కొలవండి సార్" అన్నాడు.

పీల్చాడు. తొందర లేకుండా, చప్పుడు దాచకుండా. ఆ చప్పుడు గదిలో అందరికీ వినబడింది. టేపు కాంపౌండరు వేళ్ల మధ్య నుంచి మెల్లగా జారుతూ పోయింది.

జనార్దన్‌రావు తనే లేచి వచ్చి టేపు చూశాడు. మళ్లీ పీల్చమని, మళ్లీ చూశాడు. సంతకం పెడుతూ, తల ఎత్తకుండా అడిగాడు. "బయట ఆ అరిచినాయన ఎవరు?"

"మా బాపు సార్."

"ఆయన రొమ్ము కొలిచి ఉంటే ఈ టేపు చాలేది కాదు. ఇంకో టేపు అతికించాల్సి వచ్చేది" అన్నాడు డాక్టరు. మొదటిసారి నవ్వాడు.

సాయంత్రం చొప్పదండి బస్సులో కిటికీ పక్కన కొమురెల్లి కూర్చున్నాడు. తలపాగా తియ్యలేదు. కొంతదూరం పోయేసరికి నిద్రపట్టింది, గుర్రు మొదలైంది. బస్సు ఇంజనుతో పందెం వేసినట్టు గుర్రు. జనం వెనక్కి తిరిగి చూశారు. ముందు సీట్లో జరీ కండువా పెద్దమనిషి చిరాగ్గా అన్నాడు.

"ఏందయ్యా గా ఊపిరి! ఎవరో గని జర లేపు."

హనుమంతు బాపు తల జారకుండా తన భుజం సర్ది పెట్టాడు. ఆ ఊపిరి తన మెడ మీద వెచ్చగా తగులుతోంది, పెద్దగా, ఎవరినీ అడగకుండా.

"నేను లేప" అన్నాడు. "ఊపిరి తియ్యనియ్యండి."