ఎర్రగడ్డకి పోవాలి

నా ఆయాసానికి అల్వాల్‌ల ఒకాయన ఇచ్చిన పొడితోని నాలుగు రోజులల్ల ఊపిరి మంచిగ ఆడింది. నెల దాటేసరికి నిద్ర కరువైంది, ఆకలి పెరిగింది, మొహం ఉబ్బింది. మా ఆయన లూకా మీద అనుమానం సుత గప్పుడే షురూ అయింది. ఇరవయ్యేండ్లు కాపురం చేసిన మనిషి గంత మెల్లగ ఎందుకు మాట్లాడుతున్నడు? చాయ్ జెర చేదైతే ఆయన మొహమే చూసేదాన్ని. పిచ్చిదాన్నేం కాదు నేను, మా కార్ఖానా బస్తీ బడిల పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని.

గా ఏడాది ఉల్లిగడ్డ ధర మండిపోతున్నది. ఒకనాడు పొద్దున ఆయన గేటు కాడ తమ్ముడు రిచర్డ్‌తోని అంటుంటే నా చెవులతోని విన్న.

“రేపు తెల్లారగానే ఎర్రగడ్డకి పోవాలబ్బా. ఆలస్యం చేస్తే కష్టం.”

మా పట్నంల ఎర్రగడ్డ అంటే పిచ్చి దవాఖాన. ఓహో, ఇదా సంగతి! ఆయన స్నానానికి పోంగనే బయట గొళ్లెం పెట్టి, బట్టలు సంచిల కుక్కి, పద్మారావు నగర్‌ల మా అక్క ఆలిస్ ఇంటికి పోయిన. ఇగ ఆ మనిషితోని కాపురం చేసేది లేదని చెప్పిన.

అన్నను విడిపించి రిచర్డ్ ఉరుక్కుంట వచ్చిండు. వాళ్లది నెల్లూరు. అక్కడ ఉల్లిగడ్డనే ఎర్రగడ్డ అంటరు. సర్కారోళ్లు తక్కువ ధరకు అమ్మే కాడ లైన్ల నిలబడదామనుకున్నరట. ఇరవయ్యేండ్లుగ మా ఇంట్ల వింటున్న మాటే, ఎన్నిసార్లు ఎక్కిరించిన్నో! అయినా నాకు నవ్వు రాలే. ఈ ఉల్లిగడ్డ కథ అన్నదమ్ములు ముందే మాట్లాడుకున్నరనుకున్న.

అక్క నర్సు. నా ఉబ్బిన మొహం చూసి, పొడితోని సహా నన్ను డాక్టర్ దగ్గరికి తీస్కపోయింది. పొడిల స్టెరాయిడ్ కలిపిన్రని పరీక్షల తేలింది. భయమైనా, పరేషాన్ అయినా మన ఒంట్ల ఒక హార్మోన్ ఊరుతదట. ఈ మందు అసొంటిదే. నెలల తరబడి ఎక్కువైతే కొందరి మనసును గిట్ల అనుమానంల పడేస్తదని డాక్టర్ చెప్పిండు. ఒక్కసారే బంద్ చేస్తే పానానికే ముప్పట. అదే మందు కొలిచి, వారం వారం తగ్గించుకుంట మింగాలె. ఇంట్లోళ్లే చేతికియ్యాలె.

మర్నాడు పొద్దున ఆయన అక్క ఇంటికొచ్చి మాత్ర పట్టుకొని ముందల నిలబడ్డడు. డాక్టర్ చెప్పింది అర్థమైంది. అనుమానం మాత్రం పోలే. ఇదేం మాత్రనో, ఎవరికెరుక?

“ఇది మింగితే నిన్ను నమ్ముతనా?” అన్న.

“నమ్మకపోయినా మింగు, మణీ,” అన్నడు.

మాత్ర నా చేతిల పెట్టి రెండడుగులు ఎనక్కి జరిగిండు. నన్ను చూసి భయపడుతున్నడు. దేవుడా, నా మొగడు నన్ను చూసి భయపడుతున్నడు. నమ్మకం రాకముందే నోరు తెరిచిన.