పెట్టెలో పస్తు

బెలేమ్ రేవులో పడవ దిగిన కూలీ మొదట వెతికేది నీడను కాదు, దోనా లిందాల్వా పూటకూళ్ళ పాకను. ఆవిడ పళ్ళెంలో వేపిన చేప వేసి, పక్కన ఆసాయీ పళ్ళ గుజ్జు పోసి, మీద కర్రపెండలం పిండి చల్లి, “చాలు” అన్నవాడి మాట వినిపించుకోకుండా మరో గరిటె వేస్తుంది. ఆవిడ దగ్గర వద్దన్నవాడికి వడ్డనే సమాధానం.

“ఏం నాయనా, అలా చిక్కిపోయావు? మీ ఆవిడ గిన్నెలు తోముతోందా, నిన్ను తోముతోందా?” అని నలుగురిలో ఎగతాళి చేసి మరీ తినిపిస్తుంది. రేవంతా నవ్వుతుంది. తింటుంది. త్రేనుస్తుంది.

పాఠకులారా, మీరూ నవ్వండి. కానీ ఆ పాక వెనక ఒక చిన్న గది ఉంది. ఇన్ని త్రేన్పులు వినబడే చోటికీ, ఒక ప్రాణి పస్తులుండే చోటికీ మధ్య అడ్డం ఒక్క చెక్కగోడే.

ఆ ప్రాణి ఒక జిబోయా. కొండచిలువకు చెల్లెలి వరస. కోరల్లో విషం లేదు, ఒంట్లో తొందర లేదు. లిందాల్వా ఒక్కగానొక్క కొడుకు ఎడివాన్ దాన్ని లైసెన్సున్న పెంపకందారు దగ్గర కొని తెచ్చి, ప్రిన్సేజా అని పేరు పెట్టాడు. రాకుమారి అన్నమాట. కొత్తలో మెడలో వేసుకుని రోజుకో ఫోటో. స్నేహితులు మెచ్చుకున్నన్నాళ్ళు వాడూ మెచ్చుకున్నాడు. ఆ తరవాత వాడి మనసు మోటారు సైకిలు మీదికి మళ్ళింది. గాజుపెట్టె వెనక గదిలోకి మళ్ళింది. పెట్టెలో పెట్టినవాడు పెట్టడం మరిచిపోయాడు. ఫోను నిండింది, పాము పొట్ట నిండలేదు.

లిందాల్వాకు పామంటే చచ్చేంత భయం. అందుకే ఆ గది గడప తొక్కేది కాదు. ఒకనాడు ఉక్క భరించలేక పాత ఫ్యాను కోసం వెళ్ళింది. ఫ్యాను మీద గుడ్డ అనుకుని లాగితే అది పెట్టె మీది గుడ్డ.

కెవ్వుమనబోయింది. లోపల ఉన్నది పాములా లేదు. వెన్నుపూస రంపం పళ్ళలా పైకి తేలింది. చర్మం ఎవరిదో పెద్దవాళ్ళ చొక్కా తొడుక్కున్నట్టు ముడతలు ముడతలుగా వేలాడుతోంది. ఊడని పాత కుబుసం కళ్ళకు పొరలా అంటుకుపోయింది. నీళ్ళ గిన్నె ఎండి అడుగున తెల్లటి చార మిగిలింది.

“ఒరేయ్ ఎడివాన్!”

వాడు ఫోను చూసుకుంటూనే వచ్చాడు. “ఏంటమ్మా, చచ్చిందా?” ఆ అడగడంలో బాధ కన్నా బద్ధకం ఎక్కువ.

“దీనికి తిండి పెట్టి ఎన్నాళ్ళయిందిరా?”

“పాములు తినకుండా నెలలు ఉండగలవమ్మా. వీడియోలో చూశాను.”

“ఉండగలవని చెప్పాడా, ఉంచమని చెప్పాడా?”

వాడు భుజాలెగరేసి వెళ్ళిపోయాడు. లిందాల్వా భయం ఆ క్షణంలోనే పోయింది. ఆకలిని చూసి పారిపోయే రకం కాదావిడ. తనకు తెలిసిన వైద్యం ఒక్కటే. పెరట్లో బొద్దుగా తిరుగుతున్న కోడిపెట్టను పట్టి, కోసి, ఈకలతోనే పెట్టెలో పెట్టింది. పాము దాన్ని ఆబగా చుట్టుకుంది. దవడలు సాగి, మెడ సాగి, పెట్ట మొత్తం లోపలికి జారిపోయింది.

“ఎలా మింగిందనుకున్నావ్ మానా!” అని పక్కింటి నాజిల్దాతో సంబరంగా చెప్పింది. మా ఊళ్ళో ఆడవాళ్ళు ఒకరినొకరు ‘మానా’ అనే పిలుచుకుంటారు. నాజిల్దాను మానా అన్నారంటే ఇక ఆవిడ మాట మానదు. “నీ చేతి తిండి మహిమ మానా! రేపో మాపో అదే గిన్నె పట్టుకుని వరసలో నిలబడుతుంది చూడు!”

మర్నాటికి వెనక గదిలోంచి కంపు. కోడి మొత్తం బయట పడి ఉంది, కాస్త కూడా అరగలేదు. దాని పక్కన పాము నోరు తెరుచుకుని, తాడు ముక్కలా పడి ఉంది. లిందాల్వా దాన్ని బట్టల బుట్టలో వేసి, మూత మీద చెయ్యి తియ్యకుండా, బస్సులో పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

డాక్టరు జాందిరా పాము నోట్లోకి లైటు వేసి చూసింది. ముఖం గంభీరమైంది.

“ఏం పెట్టారు?”

“కోడి, డాక్టరుగారూ.”

“ఎంత?”

“కోడంత.”

డాక్టరు నవ్వలేదు. “ఎండిపోయిన పేగుకి ఏకంగా కోడినే పెట్టారా? కక్కినప్పుడు వచ్చిన పులుపుకి గొంతంతా కాలింది. ఇంకోసారి కక్కితే ఇది బతకదు. కొన్నాళ్ళు నీళ్ళు తప్ప ఏమీ వద్దు. ఆ తరవాత ఒక చిట్టెలుక, బొటనవేలంత. మింగాక దాని జోలికి ఎవరూ వెళ్ళకూడదు. ఎత్తొద్దు, ముట్టొద్దు.”

“ఇంత ఆకలి మీద బొటనవేలంతా? అది పాపం కాదూ?”

“మీరు మనిసోబా వండుతారా?”

“ఈ రేవులో నాకన్నా బాగా ఎవరు వండుతారండీ!”

“ఆ కర్రపెండలం ఆకు రెండు రోజులు ఉడికించి దించేసి వడ్డిస్తే?”

“అయ్యయ్యో! విషం దిగొద్దూ? వారం ఉడకాల్సిందే. లేకపోతే తిన్నవాళ్ళు దక్కరు.”

“చుట్టం ఆకలని ఏడిస్తే?”

“ఏడవనీయండి. నేనైతే మూత తియ్యను.”

అన్నాక గాని తానేమందో ఆవిడకు అర్థం కాలేదు. తలొంచుకుని బుట్ట ఎత్తుకుంది.

వడ్డించడమే తెలిసిన చేతులకు వడ్డించకుండా ఉండడం ఎంత కష్టమో ఆ రోజుల్లో తెలిసింది. గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో పామును కాసేపు ఉంచేది. తడిసిన కుబుసాన్ని లాగకుండా, అది తనంతట వదిలేదాకా కాచుకునేది. పాకలో నవ్విస్తూనే మధ్యలో గరిటె పక్కన పెట్టి గదిలోకి తొంగి చూసేది. మంచుపెట్టెలో చేపల పక్కన చిట్టెలుకల పొట్లం చేరింది. “పొరపాటున నా పళ్ళెంలో వెయ్యకు మానా!” అంది నాజిల్దా.

గడువు తీరాక చిట్టెలుకను వెచ్చజేసి ముందు పెడితే పాము ముఖం తిప్పుకుంది. మరో నాడూ అంతే. వెన్ను రంపం ఇంకా పదునెక్కింది. ఇది అలక కాదు, ఆరిపోవడం అని లిందాల్వాకు తెలుసు. బలవంతంగా నోట్లో పెడదామని చెయ్యి చాచి, డాక్టరు మాట గుర్తొచ్చి, చాచిన చేతిని రెండో చేత్తో పట్టుకుని ఆపుకుంది.

సీరియో పండుగ ముందురోజు, ఊరంతా బాణసంచా మోతలో ఉండగా, ప్రిన్సేజా నాలుక ఆడించింది. మెల్లగా చిట్టెలుకను అందుకుంది. మింగింది. మెడ కింద నిమ్మకాయంత ఉబ్బు కనబడింది. లిందాల్వా చప్పుడు చెయ్యకుండా తలుపు వేసి, దాని ముందే కూలబడి కళ్ళొత్తుకుంది.

మర్నాడు ఊరేగింపు దాటాక ఇల్లంతా చుట్టాలు. ఎడివాన్ స్నేహితులు నలుగురు ఫోన్లతో దిగారు. వాళ్ళకు మనిసోబా వడ్డిస్తుండగా, వెనక గదిలో గాజు మూత కదిలిన చప్పుడైంది. లిందాల్వా గరిటె పడేసి పరుగెత్తింది, వెనకే ఆ స్నేహితులు.

ఎడివాన్ చెయ్యి అప్పటికే పెట్టెలోకి వెళ్ళింది. పాము బిగుసుకుంది. ఆ ఉబ్బు ఒక్కసారి పైకి కదిలింది.

“తియ్యరా చెయ్యి!”

“ఒక్క వీడియో అమ్మా! మెడలో వేసుకుని దించేస్తా.”

“ఇప్పుడు ఎత్తితే కక్కుతుంది. కక్కితే చస్తుంది.”

“అబ్బో! మొన్నటిదాకా పామంటే ఈ గడప తొక్కనిదానివి, ఇవాళ పురిటి మంత్రసానివయ్యావే!” స్నేహితులు పకపకా నవ్వారు. వాడికి ఉత్సాహం వచ్చింది. “నా పాము. నా డబ్బుతో కొన్నా.”

లిందాల్వా అరవలేదు. వాడి మణికట్టు పట్టుకుని పైకి లాగి, మూత వేసి, దాని మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. చుట్టాలంతా గుమ్మంలో మూగారు. ఆవిడ కళ్ళు పాము మీదే. ఉబ్బు పైకి వచ్చింది... ఆగింది... మళ్ళీ మెల్లగా కిందికి జారింది.

అప్పుడు నోరు విప్పింది.

“నువ్వు అడిగిందల్లా పెట్టాను. అడక్కముందే పెట్టాను. నీ పక్కవాడి పళ్ళెంలో ఏముందో చూడమని ఒక్కనాడూ చెప్పలేదు. నిన్ను పెంచాననుకున్నాను నాయనా. మేపానంతే. దానికి నేను ఏడుస్తాలే. దీన్ని మాత్రం ముట్టుకోవాలంటే ముందు నా చేతులు విరగ్గొట్టు.”

నవ్వులు ఆగిపోయాయి. ఫోన్లు జేబుల్లోకి వెళ్ళాయి. ఎడివాన్ ముఖం ఎర్రబడింది. తల్లి తనను కాదనడం వాడు మొదటిసారి చూశాడు. బయటికి వెళ్ళిపోయాడు.

పండుగ సందడి తగ్గిన తరవాత కూడా ఆ గది తలుపు మూసే ఉంది. కంపు రాలేదు. ఉబ్బు కరిగింది. డాక్టరు జాందిరా వచ్చి చూసి, “ఇక బతుకుతుంది” అంది. తరవాతి మేత వేళకు లిందాల్వా మంచుపెట్టె తెరవబోతే ఎడివాన్ అక్కడే నిలబడి ఉన్నాడు. ఎలుకల పొట్లం చేతిలో ఉంది గాని విప్పలేదు.

“అమ్మా, ఇవాళ పెట్టొచ్చా, ఇంకా ఆగాలా?”

లిందాల్వా ఆ పొట్లాన్ని వాడి చేతిలోనే విప్పింది.

“ఈ మాట నాకూ ఇప్పుడిప్పుడే తెలిసింది నాయనా. కడుపు నింపితే పెంచినట్టు కాదు, పేరు పెట్టి పిలిస్తే ప్రేమించినట్టూ కాదు. మన సరదా పక్కన పెట్టి ఎదుటి ప్రాణానికి ఏం కావాలో అడిగి తెలుసుకున్నవాడే, కుక్కనైనా పామునైనా కన్నబిడ్డనైనా, పెంచినవాడు.”