నాకా దగ్గర ఆగిన చీర

ఉష ఆ మాట అనగానే రాజమల్లు చేతిలో కాజా కుడుతున్న సూది ఆగిపోయింది.

“నానమ్మ వెండి చీర ఇచ్చేద్దాం తాతా. జవాన్ల ఫండుకు. మా ఇన్‌స్టిట్యూట్ల అందరూ ఏదో ఒకటి ఇస్తున్నరు.”

తొంభై తొమ్మిది జూన్ నెల. కార్గిల్ కొండల మీద యుద్ధం నడుస్తోంది. అమీర్‌పేట మైత్రీవనం ముందు కోచింగ్ కరపత్రాలు పంచేవాళ్ల పక్కనే ఇప్పుడు చందా డబ్బాలు పట్టుకున్న విద్యార్థులు నిలబడుతున్నారు. రాజమల్లు మనవరాలు ఉష వాళ్లలో ఒకతె. పొద్దున జావా క్లాసు, మధ్యాహ్నం డబ్బా.

ఆ చీర కథ ఇంట్లో అందరికీ నోటికి వచ్చు. వెనకటి పెద్ద యుద్ధం రోజుల్లో వెండీ బంగారమూ నిజాం రాజ్యం ఎల్ల దాటి పోకూడదని హుకుం. కాంతవ్వకు అప్పుడు పద్దెనిమిదేళ్లు. తండ్రితో కలిసి ఎల్ల అవతల జగ్గయ్యపేటలో ఉన్న అక్క ఇంటికి బండి మీద బయల్దేరింది. కట్టుకున్నది తండ్రి నేసిన జరీ చీర. కోదాడ దాటాక ఎల్ల మీది తనిఖీ నాకా దగ్గర ఆపారు. చీరలో వెండి ఉందన్నారు. పరీక్ష చేసే మనిషి రావాలని పూటంతా కూర్చోబెట్టారు. ఆ మనిషి రానే లేదు. చివరికి నాకా అధికారి అమీనుకే విసుగొచ్చి పొమ్మన్నాడు. ఆపిన జవాను పేరు రాజమల్లు. ఏడాది తిరక్కముందే ఆ జవానే ఆమె మెడలో పుస్తె కట్టాడు.

“సర్కారే ఆపిన వెండి!” అని కాంతవ్వ యాభై ఆరేళ్లుగా చెబుతూనే ఉంది. పెళ్లిళ్లలో చెప్పింది, బస్సుల్లో చెప్పింది, మొన్న ఎర్రగడ్డ రైతుబజారులో వంకాయలు ఏరుతూ కూడా చెప్పింది.

కథలో లేని ముక్క ఒకటి రాజమల్లు దగ్గర ఉంది. ఆ జరీ వెండిది కాదు. రాగి.

మగ్గం ఇంట్లో పుట్టినవాడికి ఆ తేడా తెలియకుండా ఉంటుందా? ఆ రోజు చెంగు కొసన వేలాడుతున్న పోగును ఆమే తెంపి, “తీసుకపో, చూసుకో” అని విసురుగా ఇచ్చింది. అతను గుడిసె వెనక్కి పోయి అగ్గిపుల్ల గీశాడు. వెండయితే తెల్లగా మిగలాలి. పోగు ఎర్రగా తేలింది. తిరిగొచ్చి అమీనుతో, “వెండి లెక్కనే ఉంది సార్, ఆపాలె” అన్నాడు.

మితభాషి రాజమల్లు జీవితంలో అదొక్కటే పెద్ద అబద్ధం. చెప్పినందుకు మొదట ఉద్యోగం పోతుందని భయపడ్డాడు. పెళ్లయ్యాక ఆమె కోపానికి భయపడ్డాడు. తర్వాత్తర్వాత ఆ అబద్ధం ఇంట్లో మనిషిలా కలిసిపోయి, తన పీట తను వేసుకుని కూర్చుంది. ఉద్యోగం పోయింది, రాజ్యమూ పోయింది. అమీర్‌పేట సందులో దర్జీ దుకాణం వచ్చింది. ఎర్రబడిన ఆ పోగు మాత్రం అగ్గిపెట్టెలో, కుట్టుమిషను సొరుగులో ఉండిపోయింది. కాంతవ్వ ఆ కథ చెప్పేటప్పుడు ఆమె మొహంలో వచ్చే వెలుగు చూసి, దాన్ని ఆర్పే హక్కు తనకు లేదనుకునేవాడు.

ఇప్పుడు ఉష ఆర్పేట్టుంది.

పక్కనే ఉన్న కాంతవ్వ ముందు మొగుడి వైపు చూసింది. తర్వాత మనవరాలి వైపు.

“ఇద్దాం బిడ్డా. ఇయ్యాల మంగళారం గద, రేపు చూద్దాం.”

బుధవారం ఆమెకు మోకాళ్లు నొచ్చాయి. గురువారం పెట్టె తాళంచెవి కనబడలేదు. పాపం, చీర మీద ఎంత ప్రాణం పెట్టుకుందో అనుకున్నాడు రాజమల్లు. శుక్రవారం ఉష పోపుల డబ్బాలో తాళంచెవి పట్టుకుంది. చీర చీరగా తీసుకోరట. పంజాగుట్టలో బంగారం షాపు హనుమత్ప్రసాద్ గారు జరీ కరిగించి ముద్ద చేసి ఇస్తానన్నారట. ఉష ఆటో పిలిచింది. రాజమల్లు అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాడు.

మైత్రీవనం దగ్గర ఆటో ఆగితే ఎవరో కుర్రాడు లోపలికి కరపత్రం తోశాడు. “తాతా, నలభై ఐదు రోజుల్ల జావా!”

“గీయనకు యాభై ఐదేండ్లల్ల నాలుగు మాటలు నేర్పలేకపోయిన,” అంది కాంతవ్వ. “నువ్వేం నేర్పుతవ్ కొడకా!”

ఆటోవాడు కూడా నవ్వాడు. రాజమల్లు జేబు తడుముకున్నాడు.

షాపులో హనుమత్ప్రసాద్ కళ్లజోడు సవరించుకుని అంచు వేళ్ల మధ్య నలిపి చూశాడు. “ఏంటమ్మా, యుద్ధం నాటి చీరా? ఇలాంటి నేత ఇప్పుడెక్కడుందండీ! ఒక్క పోగు కాల్చి చూద్దాం.” స్పిరిట్ దీపం వెలిగించాడు.

కాంతవ్వ చెంగు వదలలేదు. వేళ్లు బిగుసుకున్నాయి.

“ఆగుండ్రి!”

తాత గొంతు అంత గట్టిగా ఉష ఎప్పుడూ వినలేదు. రాజమల్లు అగ్గిపెట్టె తీసి భార్య అరచేతిలో పెట్టాడు.

“ఏమే, అది వెండి గాదు. రాగి. నాకు ఆ దినమే ఎరుక.”

ఆమె పెట్టె తెరిచి వేలెడంత పోగును చూసింది. ఏడుస్తుందని అతను సిద్ధపడ్డాడు.

“కాల్చి చూసినవా?”

“చూసిన.”

“చూసి సుత వెండి అన్నవా?”

“అన్న.”

“ఓరి నీ ఇల్లు సల్లగుండ! నాకెరుక లేదా అది రాగని? నాకా దాటినంక బండ్ల మా నాయిన పడి పడి నవ్విండు. నా రాగి సర్కారు కండ్లకు సుత వెండి లెక్క అవుపడ్డదని సచ్చేదాక మురిసిండు. నేనేమో ఈ జవాను మొద్దు, రాగికి వెండికి తేడా తెల్వదనుకున్న. మగ్గమోళ్ల ఇంట్ల పుట్టి జరీ ఎరగడంటే నీ ఇజ్జత్ ఏంగావాలె? గందుకే ఊరంత వెండి వెండని చెప్పుకుంట తిరిగిన!”

యాభై ఆరేళ్లు ఆమెను తను కాపాడుతున్నాననుకున్నాడు రాజమల్లు. ఆమె చేతిలో తనే భద్రంగా ఉన్నాడు.

“మరి ఎందుకాపినవ్?” అంది ఆమె.

హనుమత్ప్రసాద్ దీపం ఆర్పడం మరిచిపోయాడు.

“అమీను తోటి కొట్లాడుతుంటివి గద. చీర దాటొద్దు గానీ చీరల ఉన్న మనిషి దాటొచ్చునా, గట్లయితే మనిషెట్ల దాటాలె అని. మా ఇంట్ల మగ్గం సప్పుడు తప్ప మాట వినలే నేను. ఇంకింత సేపు ఇందామని...”

కాంతవ్వ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. కాసేపటికి చెంగు తీసి, అమీను కన్నా గట్టిగా అంది.

“సర్కారు హుకుం అడ్డం వెట్టుకొని నాటకమాడినవ్. జుర్మానా కట్టు. ఇప్పు మొలతాడు.”

“గదేందే!”

“అసలు వెండి గదే గద. ఇప్పు.”

“ధోతి జారుతదే!”

“పట్టుకో.”

రాజమల్లు లోపలి గదిలోకి పోయి, మెడలో వేలాడే కొలత టేపును నడుముకు బిగించుకుని, వెండి మొలతాడు చేతిలో పట్టుకుని బయటికొచ్చాడు. హనుమత్ప్రసాద్ దాన్ని గీటురాయి మీద గీసి, “ఇది అసలు సరుకండీ” అన్నాడు. ఉష నవ్వు ఆపుకోలేక కళ్లు తుడుచుకుంటూ దాన్ని చందా డబ్బాలో వేసింది.

“ఇగ ఇంటికి పోదామా?” అన్నాడు రాజమల్లు.

“యాడికి? మా నాయిన పూటంత ఎండల కూసున్నడు. నువ్వు సుత కూసో.”

గుమ్మం బయట స్టూలు వేయించింది. అతను పంజాగుట్ట ఎండలో, బస్సుల మోతలో కూర్చున్నాడు. లోపల హనుమత్ప్రసాద్‌కు కాంతవ్వ కథ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఇదివరకు ‘సర్కారు’ అన్న చోటల్లా ఈసారి ‘గీయన’ అంటోంది.

సరిగా వినపడక రాజమల్లు స్టూలు కొంచెం గుమ్మం దగ్గరికి జరుపుకున్నాడు.