మూడు మాట్ల కాచిన నీళ్లు

కాలిన రేకుల వాసన. ముప్పై మంది చెమట. జొన్న గటకలో ఇసుక.

మే నెల. పోలీసు యాక్షన్ జరిగి ఎనిమిది నెలలు. నల్లగొండ అవతల, ముళ్లకంచె లోపల, మా రేకుల షెడ్డు.

నేను బడిపంతులిని. ఊళ్లో చిన్న గ్రంథాలయం నడిపాను, అదే నా నేరం. రజాకార్లు దాన్ని తగలబెట్టారు. కాలగా మిగిలిన పుస్తకాలను తర్వాత వచ్చిన పోలీసులు మోసుకుపోయారు, వాటితోపాటు నన్నూ. ఏ రాజ్యం వచ్చినా నా మర్యాదకు లోటు రాలేదు.

సాయంత్రం హాజరు అయ్యాక, గటక ముట్టకముందు, రోజూ ఒకటే మాట—

"సారూ, ఇయ్యాల్టి ముచ్చట?"

రోజుకొక కొత్త సంగతి. అది వినందే ఎవరూ తినరు. ఎవరు మొదలుపెట్టారో... నా మెడకు చుట్టుకుంది.

సూర్యుడి వెలుగు మనదాకా రావడానికి ఎనిమిది నిమిషాలు పడుతుందని చెప్పాను. శతకమంటే వంద పద్యాలనీ, కవులు మాత్రం నూటెనిమిది రాస్తారనీ చెప్పాను. ఖైదీ అన్న మాట అరబ్బీ నుంచి వచ్చిందని చెప్పాను.

"గా మాట గూడ మనది గాదా, సారూ," అన్నాడు గొర్లకాపరి గాలయ్య. అందరూ నవ్వారు.

రెండు వందల ముచ్చట్లు. ఆ తర్వాత బుర్ర అడుగంటింది.

అలసిపోయాను. ఎముకల దాకా అలసిపోయాను.

ఆ రోజు మారయ్య నోరు విప్పాడు. మర్రిగూడ దిక్కు రైతు. కమ్యూనిస్టు దళానికి అన్నం పెట్టాడని పట్టుకొచ్చారు. అంతవరకూ ఎవరితోనూ మాట్లాడినవాడు కాదు.

"మా రామమ్మకు ఏడేండ్లు, సారు. కాళ్లు వంకర తిరుగుతున్నయి. మా దిక్కు శానమంది పోరగాండ్లకు గట్లనే. నీళ్లల్లనే ఏందో ఉన్నదంటరు. ఏం జేస్తే పోతది?"

ముప్పై పళ్లేలు. ముప్పై మంది చూపులు.

నాకు తెలియదు... ఆ రెండు మాటలు అంటే సరిపోయేది. కానీ ఆకలి. గటక చల్లారిపోతోంది.

"మూడు మాట్ల మరగబెట్టి తాపు. దోషం పోతది," అన్నాను.

అబద్ధం. అప్పటికప్పుడు అల్లి చెప్పాను. ఏదో పుస్తకంలో చదివినవాడిలా చెప్పాను— మూడుసార్లు అన్న లెక్కతో సహా.

మారయ్య మూడు వేళ్లు ముడిచి గుర్తుపెట్టుకున్నాడు. వారానికి వాణ్ని వదిలేశారు. పోతూ పోతూ నా కాళ్లు మొక్కాడు. అప్పుడైనా చెప్పాల్సింది. సిగ్గేసి చెప్పలేదు.

ఎండలు పోయాయి. వానలు వచ్చాయి.

ములాఖత్ రోజున కంచె అవతల ఒక ఆడమనిషి నిలబడి ఉంది. మారయ్య భార్య సోమమ్మ. రెండు రోజులు నడిచి వచ్చిందట. చేతుల మీద కాలిన మచ్చలు.

"మీరు చెప్పినట్టే రోజు మూడు మాట్ల కాగబెడుతున్న, సారు. దగ్గరి కట్టె అయిపోయింది. గుట్ట దాకా పోతున్న. పిల్ల ఇప్పుడు లేస్తలేదు, పాకుతాంది. నాలుగో మాటు గూడ కాగబెట్టాల్నా? జర చెప్పున్రి."

పాకుతోంది. ఏడేళ్ల పిల్ల.

ఈసారి దాచలేదు.

"అది అబద్ధం, అమ్మా. నాకు తోచింది చెప్పిన. నీళ్లు కాగబెడితే పోతదని నేను ఎక్కడా చదువలేదు."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆమె కంచె తీగ పట్టుకుంది. వాన ఆమె కొంగు మీంచి కారుతోంది.

"మరి నిజమేంది, సారు?"

నా రెండు వందల ముచ్చట్లలో అది లేదు.

ఆమె ఇంకా నిలబడే ఉంది... చెబుతానని.